ఏడో గట్టు మీద ఏం కూర

రోజు 1,104

ఈరోజు అధికార పుస్తకంలో నేను రాసింది ఒక్క వాక్యం. "ఏడో గట్టులో ముప్పై ఒక్క ఇళ్ళ నుంచి మూసిన చీటీలు తీసుకున్నాను. రైతులు ధర గురించి గానీ, పట్టుబడి గురించి గానీ మాట్లాడుకోవడం నేను చూడలేదు, వినలేదు." మూడేళ్ళుగా రోజూ ఇదే రాస్తున్నాను. మనసు ఎక్కడున్నా చెయ్యి దాని పని అది చేసేస్తుంది.

మిగతా సంగతులు రాసుకోవడానికి ఈ మేత బస్తాల లోపలి కాగితం ఉంది. సాక్షి రెండో పుస్తకం పెట్టుకోకూడదని నిబంధన. ఇది పుస్తకం కాదు, బస్తా కాగితం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

నా పేరు నాగిడి లోవకుమారి. ఉద్యోగం తటస్థ సాక్షి. ఒకప్పుడు రొయ్యల ధర యంత్రాలు చెప్పేవి. ఒక్క మాటయినా చెప్పుకోకుండానే అవన్నీ కుమ్మక్కయి ఒకే ధర దగ్గర కూర్చున్నాయని వాణిజ్య కోర్టు తేల్చింది. అప్పటి నుంచి ధర మనిషే వేయాలి, చేత్తోనే రాయాలి. ఎవరూ ఎవరితోనూ కూడబలుక్కోలేదని ఇంకో మనిషి చేత్తో రాసి సంతకం పెట్టాలి. మా గట్టుకి ఆ ఇంకో మనిషిని నేను. నాకు చెరువు లేదు, మొగుడు పోయాడు, అన్నదమ్ములు లేరు. పక్షపాతం చూపించడానికి నాకంటూ ఎవరూ లేరని ఏరి మరీ తీసుకున్నారు.

అంతకు ముందు ఇరవై ఏళ్ళు షెడ్డులో రొయ్య ఒలిచాను. ఐసులో నాని నాని ఆరు వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు కాలుతోందో లేదో ఎదుటివాళ్ళ మొహం చూసి తెలుసుకుంటాను.

పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా మూసిన వేళ. గట్టంటే డ్రమ్ముల మీద తేలే ఇళ్ళ వరస, వాటి ముందు చెక్కల దారి. ప్రతి ఇంటి ముందూ ఆ చెక్కల మీద తెల్లగీత ఉంటుంది. ఆ మూడు గంటలూ రైతులెవరూ గీత దాటకూడదు. చెరువుల చుట్టూ ఆకుపచ్చ తెరలు, వలలు నీళ్ళ అడుగున చప్పుడు లేకుండా వాటంతటవే నడుస్తాయి. ఎవరింట్లో పట్టుబడి ఉందో, అంటే ఆ రోజు ఎవరు రొయ్య పడుతున్నారో, పక్కింటికి కనబడదు. పట్టుబడి లేనివాళ్ళు కూడా ఖాళీ చీటీ మూసి ఇవ్వాలి. పదింటికి కంపెనీ పడవ వస్తుంది, చీటీలు విప్పి తక్కువ ధర వేసినవాళ్ళ దగ్గర ముందు కొంటుంది, పడవ నిండగానే వెళ్ళిపోతుంది. వలలోకి చేరిన రొయ్య మర్నాటికి బతకదు.

ఆ గట్టంతా నడిచేది నేనొక్కదాన్నే. మొదటి ఇల్లు మల్లాడి వీర్రాఘవులు గారిది. డెబ్బై దాటిన మనిషి, చీటీ ఇచ్చేటప్పుడు రోజూ ఒకటే గొణుగుడు.

"ఏవమ్మా, కబుర్లేవన్నా తెచ్చేవా?"

"మీదే మొదటిల్లు కదండి బాబాయి గారూ. ఇంకా కబుర్లెక్కడివండి?"

"అదేనమ్మా మా కర్మ."

తొమ్మిదో ఇంటికి చేరేసరికి నాకు కబుర్లుంటాయి. అక్కడ ఓలేటి సింహాద్రి పంటి పుల్ల నములుతూ నిలబడి ఉంటాడు.

"అటేపు ఏం కూరలండి లోవ గారూ?"

"రాఘవులు బాబాయి గారింట్లో చేపల పులుసండి. నాలుగో ఇంట్లో పప్పు. మిగతా ఇళ్ళల్లో ఏవో ఏపుళ్ళండి."

"ఆయ్, అలాగాండి," అని లోపలికి వెళ్ళి చీటీ రాసుకొచ్చాడు.

చివరి ఇల్లు, ముప్పై ఒకటోది, కొల్లాటి నూకరత్నానిది. షెడ్డులో నా పక్క బల్ల. మంచినీళ్ళ కుళాయి కూడా ఆ ఇంటి అవతలే కాబట్టి అక్కడ కాసేపు కూర్చుంటాను. తెల్లమచ్చ జబ్బు వచ్చి దాని చెరువు రెండుసార్లు పోయింది. ఇది మూడో పంట. రొయ్య పిల్లని వదిలి డెబ్బై నాలుగు రోజులు. నీళ్ళలో వేలాడే చెక్ ట్రే పైకి లాగి చూపించింది, రొయ్యలు గాజు ముక్కల్లా ఉన్నాయి.

"ఇది కూడా పోతే ఇల్లు ఇప్పుకుని పోవడవే ఒదినా," అంది నవ్వుతూనే. "పట్టుబడి రోజు నువ్వు మా ఇంట్లోనే తినాలి. పప్పే అనుకో."

పట్టుబడి ఉన్న రోజు ఇంట్లో నీచు వండరు. గంగమ్మకి మొక్కు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రోజు 1,109

నోటీసు వచ్చింది. గట్టు మొదట్లో ఉన్న స్తంభానికి అంటించమన్నారు, అంటించాను. అంటించేదాకా చదవలేదు.

మా రొయ్యని కొనే కంపెనీ కోర్టుకి వెళ్ళింది. ఏడో గట్టు రైతులు కుమ్మక్కయి ధరలు వేస్తున్నారని ఫిర్యాదు. అవతలి దేశంలో మా రొయ్య తినేవాళ్ళకి దానివల్ల నష్టమట. అందుకని ఆ దేశపు పోటీ చట్టం ఇక్కడి దాకా వర్తిస్తుందట. విచారణాధికారి వస్తున్నాడు. నేరం రుజువైతే మూలం సంఖ్య రద్దు.

మూలం సంఖ్య అంటే మా పెట్టెల మీద పడే ముద్ర. ఈ రొయ్య ఎక్కడ పుట్టింది, ఎవరు పెంచారు అని చెప్పే అంకెలు. అది లేని పెట్టెకి ఏ రేవూ తలుపు తీయదు. ఐదో గట్టు సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. మేత మీద ప్రభుత్వం రాయితీ ఇచ్చింది, అది అన్యాయమైన సాయం అని కేసు పడి వాళ్ళ సంఖ్య పోయింది. నాలుగు రోజులు రొయ్యలే తిన్నారు. ఐదో రోజు నుంచి వాసన. నెల తిరక్కుండా ఇళ్ళ తాళ్ళు విప్పుకుని ఒక్కొక్కరూ తేలిపోయారు. ఇప్పుడక్కడ ఖాళీ డ్రమ్ములూ వాటి మీద కొంగలూ ఉన్నాయి.

నోటీసు చుట్టూ జనం చేరారు. మూసిన వేళ అయిపోయింది కాబట్టి చేరొచ్చు. సింహాద్రి నా వైపు తిరిగి, "మీరు రోజూ రాస్తన్నారు కదండి, ఏం మాటాడుకోలేదని?" అన్నాడు.

"రాస్తున్నానండి."

"మరింకేటండి బయం?"

నిజమే. నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. భయం వేయలేదు. ఇంకేదీ వేయలేదు.

రోజు 1,112

అధికారి వచ్చాడు. పేరు యశోవర్ధన్. కొత్త కాకినాడ నుంచి, అంటే గుట్ట మీద కట్టినదాని నుంచి. ముప్పై అయిదేళ్ళుండవచ్చు. గట్టు మీద అడుగు వేయగానే చెక్కలు ఊగేసరికి తాడు పట్టుకుని నిలబడిపోయాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, ఉద్యోగం గుర్తొచ్చింది.

రైతుల ఇళ్ళల్లో ఉండకూడదు కాబట్టి మా ఇంట్లోనే దిగాడు. మూడేళ్ళ పుస్తకాలు ముందేసుకున్నాడు. ప్రతి పేజీలో అదే వాక్యం. అయినా ప్రతి పేజీ చదివాడు. అన్నం పెడతానంటే వద్దని పొట్లాల్లో తెచ్చుకున్నదేదో నీళ్ళు పోసుకుని తిన్నాడు. నా వంటింటి వైపు చూడలేదు, ఏం కూర అని అడగలేదు. ఇంటికొచ్చిన మనిషి ఆ మాట అడక్కపోవడం నాకు మొదటిసారి. కొంచెం ఒళ్ళు మండింది.

సాయంత్రం అడిగాను. "ఒకప్పుడు కొనేవాళ్ళు ముగ్గురుండేవాళ్ళండి. ఆ ముగ్గురూ కలిసిపోయి ఒక కంపెనీ అయ్యారు. మా వాళ్ళు ఇద్దరు గీత దాటి మాట్లాడుకుంటే నేరం. వాళ్ళు ముగ్గురూ ఒక్కటైతే నేరం కాదాండి?"

ఆయన పుస్తకంలోంచి తలెత్తాడు. కోపగించుకుంటాడనుకున్నాను, లేదు.

"కలవడానికి అనుమతి ఇచ్చేది వేరే విభాగమమ్మా. ఇప్పుడు వాళ్ళు ఒక్కరే. ఒక్కరే ఉన్నప్పుడు ఎవరితో కుమ్మక్కవుతారు?"

"అదీ నిజమేనండి," అన్నాను. ఆయన మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టాడు.

రోజు 1,115

నా వెనకాలే గట్టంతా నడిచాడు, నాలుగడుగులు దూరంలో. ఆయన ఉన్నాడని ఎవరూ నోరు మెదపలేదు. చీటీలు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయారు. వీర్రాఘవులు గారు మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయనేనా మనల్ని ముంచేది?" అన్నారు నాతో. ఆయన అది కూడా రాసుకున్నాడు.

నూకరత్నం చెరువుకి ఎనభై అయిదు రోజులు. ఇంకో వారం పదిరోజుల్లో పట్టొచ్చు. ఈలోపు సంఖ్య పోతే ఆ రొయ్య ఎవరికీ పనికిరాదు. "ఎప్పుడు తేలుస్తాడంట?" అని కళ్ళతోనే అడిగింది. నేను ఆకాశం వైపు చూశాను. సాక్షిని కదా, కళ్ళతో చెప్పినా చెప్పినట్టే.

తిరిగొస్తుంటే యశోవర్ధన్ అడిగాడు. "పోయిన కార్తీకంలో తుఫాను వచ్చినప్పుడు గట్టు తెగిందట కదా. అప్పుడు చీటీలు ఎలా తీసుకున్నారు?"

"మొదటింటి దగ్గర తెగిందండి. పడవలో చివరి ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇటు నడిచేదాన్ని. పంతొమ్మిది రోజులండి."

"చివరి ఇంటి నుంచి మొదటి ఇంటికి?"

"ఆయ్."

ఆయన ఆగిపోయాడు. తర్వాత ఇంటిదాకా తాడు పట్టుకోకుండా నడిచాడు.

రోజు 1,117

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను. వరస తప్పితే నాకే అర్థం కాదు.

మధ్యాహ్నం ఆయన నా ఇంటి నేల మీద పాత చీటీలు పరిచాడు. మొదటి ఇంటివి గుమ్మం దగ్గర, ముప్పై ఒకటో ఇంటివి పొయ్యి దగ్గర. "చూడండమ్మా" అన్నాడు. మొదటి నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఎప్పుడూ భయపడుతూ తక్కువ ధరే వేశారు. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళే కొద్దీ ధైర్యం పెరిగింది. ఆ రోజు గట్టులో పట్టుబడులు తక్కువైతే వెనక ఇళ్ళవాళ్ళు పెంచారు, ఎక్కువైతే తగ్గించారు. ఎన్ని పట్టుబడులున్నాయో ముందే తెలిసినట్టు.

తర్వాత ఇంకో కట్ట విప్పి, కార్తీకం నాటి చీటీలు వాటి కింద పరిచాడు. ఆ పంతొమ్మిది రోజులూ చివరి ఇళ్ళవాళ్ళు భయపడ్డారు. వీర్రాఘవులు గారు జీవితంలో మొదటిసారి ధైర్యంగా ధర వేశారు.

"వీళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మీరు రాసింది నిజమే," అన్నాడు. "కబురు మీతోపాటు నడుస్తోంది. మీరు ఎటు నుంచి నడిస్తే అటు నుంచి. అదేమిటో మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ప్రతి గుమ్మం దగ్గరా మీరు ఏం మాట్లాడతారో ఒక్క మాట కూడా వదలకుండా చెప్పండి."

నాకు దాచడానికి ఏమీ లేదు. అందుకే చెప్పాను. ఎండ ఎలా ఉందంటారు, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయంటారు. అటేపు ఏం కూరలని అడుగుతారు. ఫలానా ఇంట్లో పులుసు, ఫలానా ఇంట్లో పప్పు అని చెప్తాను.

"కూరలా? ఎందుకు?"

"ఎందుకేమిటండి. అడుగుతారు. మీ ఊళ్ళో అడగరాండి?"

"పప్పు అంటే దానికి ఏమైనా విశేషం ఉందా?"

"ఏం లేదండి. మా దగ్గర నీచు లేకుండా ముద్ద దిగదు. పట్టుబడి ఉన్న ఇంట్లో మాత్రం ఆ రోజు పప్పే..."

అక్కడ ఆగాను. ఆయన కలం కూడా ఆగింది.

మూడేళ్ళు. రోజూ ముప్పై గుమ్మాలు. ఎవరింట్లో పట్టుబడి ఉందో ఇంటింటికీ నా నోటితోనే చాటించుకుంటూ వెళ్ళి, ఇంటికొచ్చి, ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదని సంతకం పెట్టాను. బయటి నుంచి వచ్చినవాళ్ళెవరైనా అయితే పప్పు అన్న మాట వినగానే సందేహించేవారు. నేను ఇక్కడ పుట్టాను. నాకు అది కూర మాత్రమే.

ఆయన మంచినీళ్ళు ఇచ్చాడు. నా ఇంట్లో నా గ్లాసుతో నాకే. తర్వాత మెల్లగా చెప్పాడు.

"దీన్ని చట్టం రెండు రకాలుగా చూస్తుంది. ఆ మాటకి అర్థం తెలిసి, దాన్ని బట్టే రైతులు ధర వేశారనుకోండి, అది కుమ్మక్కే. ముప్పై ఒక్క ఇళ్ళకీ సంఖ్య పోతుంది. వాళ్ళకి ఆ ఆలోచనే లేదు, వినడమే తప్ప కావాలని వాడుకోలేదు అంటే తప్పు మధ్యలో నడిచిన మనిషిది ఒక్కరిదే. అది తేల్చాల్సింది సాక్షి. కోర్టు ఆ పుస్తకాన్ని తప్ప దేన్నీ నమ్మదు. మూడు రోజులు టైం ఉంది. తెలుసుకుని, నిజం రాయండి."

"నా సంగతి నేనే రాయాలాండి?"

"ఇంకెవరూ లేరమ్మా."

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. చీటీలన్నీ ఏరి వరసగా కట్టలు కట్టి ఇచ్చాను.

రోజు 1,118

ఎవరికీ కూరలు చెప్పలేదు.

రెండో ఇంట్లో నవ్వారు. ఐదో ఇంట్లో నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు. తొమ్మిదో ఇంట్లో సింహాద్రి రెండుసార్లు అడిగి, చీటీ చేతిలో పెట్టకుండా చెక్క మీద పెట్టాడు. "ఏదో ఉజ్జోగం ఉందని మరీ అంత ఇదాండి?" అన్నాడు.

పదింటికి పడవ వచ్చింది. ఆరు ఇళ్ళల్లో పట్టుబడి. మామూలుగా అయితే పదో ఇల్లు దాటినవాళ్ళకి తమ ముందున్న పట్టుబడులు తెలిసుండేవి, నా పుణ్యమా అని. ఈరోజు తెలియదు. పన్నెండో ఇంటివాళ్ళూ ఇరవయ్యో ఇంటివాళ్ళూ ఎక్కువ ధర వేశారు, పడవ నిండి వెళ్ళిపోయింది. ఇరవయ్యో ఇంటావిడ వల దగ్గర కూర్చుని ఉండిపోయింది. రొయ్య ఎగిరెగిరి, మధ్యాహ్నానికి ఎగరడం మానేసింది.

వీర్రాఘవులు గారు మాత్రం హుషారుగా ఉన్నారు. "ఇయ్యాల అందరం ఒకటే అయ్యాంలే," అన్నారు. ఆయన అన్నదీ నిజమే. మూడేళ్ళు ఆ ముసలాయన గుడ్డిగా ధర వేశాడు, నేను ఆయన ఇంటి నుంచి నడక మొదలుపెట్టినందుకు.

ఆ మాట తలచుకుంటే ఏదో అనిపించాలి. నాకు వేళ్ళ కొసల్లాగే ఉంది.

రోజు 1,119

బిందె తీసుకుని సాయంత్రం కుళాయికి వెళ్ళాను. నూకరత్నం గీత దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. మూసిన వేళ కాదు కాబట్టి రావచ్చు.

"నిన్న కూరలు చెప్పలేదంట."

"చెప్పకూడదే. అదే కబురని కనిపెట్టాడు ఆయన."

అది ఆశ్చర్యపోలేదు. చెంగుతో చెయ్యి తుడుచుకుంది. అప్పుడు నేను అడగాల్సింది అడిగాను. సాక్షిగా అడుగుతున్నానని చెప్పే అడిగాను.

"నీకు తెలుసా రత్నం? నేను పప్పంటే దానికి అర్థం ఏమిటో?"

"తెలీకపోడవేంటి ఒదినా! నువ్వు పప్పన్న ఇళ్ళు చేతి ఏళ్ళ మీద లెక్కెట్టుకునేదాన్ని. నాలుగిళ్ళు దాటితే దర తగ్గించేదాన్ని. తుపాను రోజుల్లో తెల్లమచ్చొచ్చి అడావిడిగా పట్టేను చూడు, అప్పుడు నువ్వు మా ఇంటికే మొదటొచ్చేవు. ఏం తెలీక, బయపడిపోయి, అడ్డంగా తక్కువేసేశాను."

"మిగతావాళ్ళకి?"

"అందరికీను."

బిందె నిండి పొర్లిపోతోంది. కట్టేయడానికి ఇద్దరమూ లేవలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

అప్పుడది నా మొహంలోకి చూసింది. నిజంగా అడుగుతున్నానని దానికి అప్పుడే తెలిసినట్టుంది.

"నీకు తెలీదా?" అంది. "నీకు తెల్సే చెప్తన్నావనుకున్నాం ఒదినా. ఉజ్జోగం పోతాదని తెల్సి కూడా మా కోసం చెప్తన్నావనుకున్నాం. లోవ గారు మనిసంటే మనిసి అని ఇంటింటా అనుకుంటాం. నీ నోటితో ఆ మాటెత్తితే నీకే ముప్పని, నీ ముందు ఎవళ్ళం అనలేదు."

నేను లేచి కుళాయి కట్టేశాను. వాళ్ళు నన్ను మంచిదాన్ననుకున్నారు, మూడేళ్ళు. ప్రతి గుమ్మం దగ్గరా వాళ్ళు నవ్విన నవ్వు, పెట్టిన టీ, అంతా ఒక మంచి మనిషికి పెట్టారు. ఆ మనిషి నేను కాదు. సిగ్గేసింది. ఇన్నాళ్ళకి నాకు తెలిసేలా తగిలింది ఆ సిగ్గొక్కటే.

"రేపు ఏం రాస్తావు?" అంది నూకరత్నం.

"నువ్వు ఇంటికెళ్ళు," అన్నాను. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

రోజు 1,120

అధికార పుస్తకంలో ఈరోజు రాసింది: "పట్టుబడి ఉన్న ఇంట్లో పప్పు వండుతారు. ఎవరింట్లో పప్పు వండారో మూడేళ్ళుగా ఇంటింటికీ నేనే చెప్పాను. దాని అర్థం ఏమిటో, దానివల్ల ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. రైతులకు ఆ సంగతి తెలియదు. వాళ్ళు కూర గురించి అడిగారు, అంతే."

రాసేటప్పుడు చెయ్యి ఆగుతుందేమో అనుకున్నాను. ఎప్పట్లాగే నడిచింది. వెయ్యి రోజులకు పైగా నిజమే రాసి గట్టుని కోర్టు దాకా తెచ్చాను. ఇది మొదటి అబద్ధం.

యశోవర్ధన్ నిలబడే చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"మొన్న మీరు పప్పు మాట దగ్గర ఆగిపోయారు. మీ మొహం నేను చూశాను," అన్నాడు. "తెలిసినవాళ్ళు అలా ఆగరు."

"మొహం సంగతి మీరు రాసుకోండి. కోర్టు మొహాన్ని నమ్ముతుందాండి?"

"నమ్మదు."

"మరి పుస్తకాన్ని?"

ఆయన పేజీ వెనక్కి తిప్పాడు. "నిన్న కుళాయి దగ్గర చాలాసేపు ఉన్నారట," అన్నాడు.

"ధార సన్నంగా వచ్చిందండి."

నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. పుస్తకం సంచీలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు.

"ఏం కూరమ్మా ఈరోజు?"

"వంకాయ, ఎండురొయ్యలండి."

"పెడతారా?"

పెట్టాను. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆ తర్వాత పడవ ఎక్కాడు.

రోజు 1,126

ఈ అంకె రాయకూడదేమో, డ్యూటీ నిన్నటితో అయిపోయింది. అయినా లెక్క ఆపలేకపోతున్నాను.

తీర్పు స్తంభానికి అంటించారు. ఈసారి కొత్త సాక్షి అంటించింది, సామర్లకోట వైపు అమ్మాయి. చెవుల్లో దూది లాంటిదేదో పెట్టుకుని నడుస్తుంది. గట్టుకి మూలం సంఖ్య ఉంటుంది. రైతుల తప్పు లేదు. నాగిడి లోవకుమారి తన స్థానాన్ని తెలిసి దుర్వినియోగం చేసింది. ఐదేళ్ళ పాటు ఈ గట్టు రైతులెవరూ ఆమెతో మాట్లాడకూడదు, ఆమె వాళ్ళతో మాట్లాడకూడదు. మాట్లాడితే సంఖ్య రద్దు.

ఎక్కడికైనా పొమ్మని చెప్పలేదు. నా ఇల్లు కట్టి ఉన్నది ఇక్కడే.

మధ్యాహ్నం సింహాద్రి ఎదురొచ్చాడు. పక్కకి ఒరిగి దారి ఇచ్చాడు. అతని పెదవులు కదలబోయి ఆగాయి. తల వంచుకుని వెళ్ళిపోయాడు. కోపంతో కాదని తెలుసు. తెలిసినా చేసేదేముంది, ఇద్దరం చెరో వైపు నడిచాం.

రోజు 1,131

నీళ్ళకి వెళ్ళాలి, మానడానికి లేదు. పొద్దున్న ఎనిమిదింటికి ముప్పై గుమ్మాల ముందు నుంచి నడిచాను. ప్రతి గుమ్మంలోనూ మనుషులు. ప్రతి మొహమూ గోడ వైపు తిరిగింది, చట్టం చెప్పినట్టే. వీర్రాఘవులు గారు మాత్రం తిప్పుకోలేదు. మాట్లాడనూ లేదు. నన్ను చూస్తూ కూర్చున్నారు.

నూకరత్నం ఇంటి ముందు తెర ఒక పక్కకి జారి ఉంది. నీళ్ళ అడుగున వల బిగుసుకోవడం కనిపించింది. వంద రోజులకి ఒక్క రోజు ఎక్కువ. గట్టు చివర ఖాళీ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి, అన్నిటి మీదా ఏడో గట్టు సంఖ్య తడి ఆరకుండా ఉంది.

నూకరత్నం గుమ్మంలో ఉంది, చేతిలో గరిటెతో, నాకు వీపు పెట్టి. గుమ్మం దగ్గరి పొయ్యి మీద గిన్నె మూత తీసి పక్కన పెట్టింది. గాలి ఇటే వస్తోంది. కందిపప్పు ఉడికిన వాసన, అందులో ఇంగువ. అది వెనక్కి తిరగలేదు. మూత మళ్ళీ పెట్టలేదు కూడా. నేను బిందె నింపుకుని, తిరిగి వచ్చి, దాటి వెళ్ళేదాకా ఆ మూత అలాగే పక్కన ఉంది.

నేను ఆగలేదు. ఆగితే ముప్పై ఒక్క ఇళ్ళు.

ఇంటికొచ్చి బిందె దింపాను. నిన్నటి చేపల కూర ఉంది. దాన్ని తీసి కొంగలకి వేశాను. కందిపప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను. ఉడుకుతుంటే గిన్నె అంచు పట్టుకున్నాను, కాలిందో లేదో తెలియలేదు, తర్వాత చూస్తే బొబ్బ ఉంది.

పదింటికి పడవ కూత వినబడింది. పదకొండింటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే, చివరి ఇంటి దగ్గర ఒక్క పెట్టె కూడా మిగల్లేదు.

నేను కూర్చుని అన్నం తిన్నాను. ఏం కూర అని ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈరోజు మా ఇంట్లో కూడా పప్పు.